‘ఏరా’ నుంచి ‘తమ్మీ’ దాకా

పొద్దున ఐదున్నరకు ఎప్పుడైనా హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు వెళ్లి చూడండి. చీకటి విడవకముందే పరుగులు మొదలై ఉంటాయి. సెల్‌ఫోన్‌లో టైమ్ చూసేవాడు ఒకడు, ఉరికేవాళ్లు పదిమంది. 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగపిల్లలకు పెట్టిన లెక్క అది. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. నర్సంపేట, పరకాల, ములుగు, మహబూబాబాద్ వైపు ఊళ్ల నుంచి వచ్చి నయీంనగర్, కిషన్‌పుర హాస్టళ్లలో ఉంటున్న పిల్లలే వీళ్లలో ఎక్కువ. వీళ్లకు అర్థమెటిక్, రీజనింగ్ చెప్పడం నా బతుకుదెరువు. పన్నెండేళ్లుగా అదే పని.

అదే పిల్లల్లో ఒకడు రాత్రి పదిన్నరకు చాయ్ తాగి రూముకు వెళ్తుంటాడు. బారికేడు దగ్గర టార్చి వెలుగు ముఖం మీద పడుతుంది. “ఏరా, ఏడికి పోతున్నవ్?” పొద్దున ఏ డ్రెస్ కోసం ఊపిరాడకుండా ఉరికాడో, రాత్రి ఆ డ్రెస్ ముందే నోరు పెగలక నిలబడతాడు. మర్నాడు క్లాసులో వాడి ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది.

పోలీసులకూ కుర్రాళ్లకూ మధ్య సంబంధాలు బాగుపడాలని అందరూ అంటారు. అందుకోసం టూకే రన్‌లు పెడతారు, ఏజెన్సీ ఊళ్లలో వాలీబాల్ కిట్లు పంచుతారు, కాలేజీలో మీటింగు పెట్టి పెద్దాఫీసరుతో మాట్లాడిస్తారు. నాకు వాటితో పేచీ లేదు, ఆ వాలీబాల్‌తో నిజంగా ఆడుకునే పిల్లలున్నారు. కానీ చెడింది బారికేడు దగ్గర. అక్కడ చెడినదాన్ని గ్రౌండులో బాగుచేస్తామంటే ఎలా కుదురుతుంది? ఆపినప్పుడు ఎందుకు ఆపారో మొదటి మాటలోనే చెప్పాలి, ఆపినవాళ్లందరినీ ఒకే తీరుగా చూడాలి. నేను అడిగేది ఈ రెండే. చిన్నవిగా కనిపిస్తాయి గానీ, ఇవి జరగడం ఎంత కష్టమో నాకు తెలిసిన మేరకు చెప్తాను.

ముందు నా సంగతి. 2009లో యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాను. ఒక రాత్రి నేనూ నా రూమ్మేటూ సెకండ్ షో చూడలేక మధ్యలోనే లేచి నల్ల స్ప్లెండర్ మీద వస్తున్నాం. ఆపారు. ఆర్సీ చూపించాను, లైసెన్సు చూపించాను. “స్టేషన్‌కు నడువుండ్రి” అన్నారు. “ఎందుకు సార్” అని అడిగిన పాపానికి నా దోస్తు చెంప మీద ఒకటి పడింది. ఏ స్టేషనో చెప్పను, ఎవరో కూడా చెప్పను. పదకొండు దాటాక బెంచీ మీద కూర్చోబెట్టారు. అప్పటికే ఇంకో నలుగురున్నారు. ఎవరికీ ఎందుకు వచ్చామో తెలియదు. ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటున్నాం, ఈ నలుగురిలో దొంగ ఎవడై ఉంటాడా అని.

పన్నెండున్నరకు ఎస్సై గారికి ఫోన్ వచ్చింది. “ఆఁ అన్నా… ఆఁ అన్నా… ఇప్పుడే పంపిస్తున్న” అన్నాడు. ఆ నలుగురిలో తెల్లచొక్కా అబ్బాయి లేచి, టేబుల్ మీద ఉన్న బండి తాళం తీసుకుని, మా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. మాకు ఫోన్ చేయించేవాళ్లు ఎవరూ లేరు. మా నాన్న ఆర్టీసీ కండక్టర్. ఫస్ట్ బస్సు డ్యూటీ ఉన్న మనిషిని అర్ధరాత్రి లేపి “నేను ఠాణాలో ఉన్నా” అని చెప్పడం కన్నా తెల్లారేదాకా ఆ బెంచీ మీదే ఉండటం నయమనిపించింది.

రెండు దాటాక ఒక పెద్ద వయసు హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. “ఏమన్న తిన్నరా బిడ్డా? పొద్దుగూకినంక ఒక ముసలామె మెడల పుస్తెలతాడు తెంపుకపోయిండ్రు. నల్లబండి మీద ఇద్దరు పోరగాండ్లట. అందుకే కనవడ్డ నల్లబండినల్ల ఆపుతున్నరు. మీరు గాదు, పొండ్రి” అన్నాడు.

ఆ నాలుగు ముక్కలూ పదకొండు గంటలకే చెప్పి ఉంటే నాకు ఏ కోపమూ ఉండేది కాదు. మా ఇంట్లోనూ ఒక ముసలామె ఉంది, ఆమె మెడలోనూ పుస్తెలతాడుంది. తెల్లారేదాకా కూర్చోమన్నా కూర్చునేవాణ్ణి, మా హాస్టల్లో ఎవరెవరికి నల్లబండ్లున్నాయో కూడా చెప్పేవాణ్ణి. చెంపదెబ్బ తిన్న నా దోస్తు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు, ఆ ముచ్చట నవ్వుతూనే చెప్తాడు. నాకు మాత్రం దెబ్బ కన్నా తెల్లచొక్కానే గుర్తుంది.

పైరవీ అంటే ఏమిటో తెలంగాణలో పుట్టి పెరిగిన ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. బండి పట్టుబడిందంటే మా పిల్లలు ఏ సెక్షన్ కింద పట్టారని అడగరు. “సార్, ఆ స్టేషన్‌ల ఎవరన్న తెలుసా?” అదీ మొదటి ప్రశ్న. కార్పొరేటర్ తమ్ముడో, సర్పంచ్ బావమరిదో, చివరికి స్టేషన్‌కు చాయ్ ఇచ్చే హోటలాయనో, ఎవరో ఒకరు దొరుకుతారు. దొరికినవాడు పది నిమిషాల్లో బయటికొస్తాడు, దొరకనివాడు బెంచీ మీద ఉంటాడు. ఒకడికి ఫోన్ మీద పోనిచ్చిన ఆఫీసరు మిగతా ఐదుగురికి చట్టం గురించి ఏం చెప్పినా చెవికెక్కదు. అన్ని పోలీస్ స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. పైరవీ ఫోన్ మాత్రం ఏ కెమెరాకూ దొరకదు.

పోలీసుల తప్పే అంటే అబద్ధమవుతుంది. ఆ ఫోన్ చేసే లీడరును గెలిపించింది మనమే. వాడు ఫోన్ చేయకపోతే “ఆపతికి అక్కరకు రాడు” అని తిట్టేదీ మనమే.

మా అమ్మ ఇప్పటికీ ఒక మాట అంటుంది: “పోలీసోళ్లతోని దోస్తానా వద్దు, దుష్మనీ వద్దు.” ఆమె తరం చూసిన వరంగల్ వేరు. ఆర్ఈసీ ఇంజనీరింగ్ కాలేజీలో, మెడికల్ కాలేజీలో, యూనివర్సిటీలో చదివే పిల్లలు రాడికల్ విద్యార్థి రాజకీయాల్లోకి వెళ్లిన కాలం. 1980లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ పుట్టింది. దాన్ని పెట్టిన కొండపల్లి సీతారామయ్య అంతకుముందు కాజీపేటలో హిందీ పంతులు. ఆ పదిహేను ఇరవై ఏళ్లు ఈ జిల్లాల్లో పడుచు వయసులో ఉండటమే ఒక అనుమానం. గడ్డం పెంచినా అనుమానమే, లైబ్రరీలో ఎక్కువసేపు కూర్చున్నా అనుమానమే. 1985 సెప్టెంబర్‌లో కాజీపేటలో ఒక ఎస్సైని నక్సలైట్లు చంపారు. మర్నాడు ఆయన అంతిమయాత్ర సాగుతుండగా పౌరహక్కుల నాయకుడు, పిల్లల డాక్టర్ రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. మా అమ్మ నన్ను ఎత్తుకోకముందటి సంగతి. అయినా ఆమె ఆ రోజు షాపులన్నీ ఎట్లా మూసుకుపోయాయో నిన్న జరిగినట్టు చెప్తుంది. ఇళ్లల్లో ఇలాంటి కథలు విని పెరిగిన పిల్లలు ఖాకీని చూసి బెదిరితే వింతేం లేదు.

నా కథలో సిగ్గుపడే ముక్క ఇంకోటి ఉంది. బెంచీ మీద కూర్చోవడానికి కొన్ని నెలల ముందు, 2008 డిసెంబర్‌లో, మన ఊళ్లోనే ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. కొద్ది రోజులకే నిందితులు ముగ్గురూ ఎన్‌కౌంటర్‌లో చచ్చిపోయారు. కాలేజీల పిల్లలు పోలీసులకు పూలు పట్టుకుపోయారు. నేను పూలు పట్టుకుపోలేదు గానీ హాస్టల్ టీవీ ముందు చప్పట్లు కొట్టాను. గట్టిగానే కొట్టాను. విచారణ లేకుండా ఒక మనిషిని దోషి అనేసే అధికారానికి చప్పట్లు కొట్టిన వాణ్ణి, అదే అధికారం నన్ను మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెడితే అన్యాయమని ఏడ్చాను. 2019లో చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులను ఎన్‌కౌంటర్ చేసినప్పుడు మళ్లీ అదే పూలవాన. 2022లో దాని మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు బయటికొచ్చింది. పోలీసులు చంపాలనే కాల్చారని, 10 మంది మీద హత్య కేసు నడపాలని చెప్పింది. ఆ రిపోర్టు గురించి క్లాసులో చెప్తే పిల్లలు నన్నే అనుమానంగా చూశారు.

పోలీసులను చూస్తే వణకడం, లేకపోతే దండలు వేయడం. ఈ రెండు తప్ప మూడోది మనకు అలవాటు కాలేదు. ఒక బ్యాంకు క్లర్కుతోనో పోస్ట్‌మ్యాన్‌తోనో మాట్లాడినట్టు పోలీసుతో మాట్లాడిన కుర్రాడిని నేను ఇప్పటికీ చూడలేదు.

ఇప్పుడు అవతలి వైపు. నా దగ్గర చదివిన పిల్లలు చాలామంది ఈరోజు కానిస్టేబుళ్లు, ఇద్దరు ముగ్గురు ఎస్సైలు. పండక్కి ఫోన్ చేస్తారు, పండగ రోజు మాత్రం కాదు, ఎందుకంటే ఆ రోజు బందోబస్తు. ఒకడు మేడారం జాతర డ్యూటీకి వెళ్లి వారం రోజులు ఒకే బనీనుతో ఉన్నాడు. వారానికో సెలవు అనే మాట వాళ్లు సర్వీసులో చేరినప్పటి నుంచి వింటూనే ఉన్నారు. 2024 అక్టోబర్‌లో స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లలను ఎత్తుకుని రోడ్డెక్కారు, భర్తలను నెలల తరబడి ఇంటికి పంపడం లేదని. ఆ గొడవలో 39 మంది పోలీసులు సస్పెండయ్యారు, 10 మంది ఉద్యోగాలే పోయాయి. మాట్లాడితే ఉద్యోగం పోతుందని తెలిసిన మనిషిని, రోడ్డు మీద కుర్రాడితో ఓపిగ్గా మాట్లాడమని మనం అడుగుతున్నాం.

ఒక పాత విద్యార్థి నాతో అన్న మాట ఇది: “సార్, పొద్దున రోల్‌కాల్‌ల మమ్ములను ఏమంటరో మీరు వింటే, మేం రోడ్డు మీద ‘ఏరా’ అనుడు మర్యాదే అనుకుంటరు.” పైవాడు కిందివాణ్ణి ‘రా’ అంటాడు, వాడు ఇంకా కిందివాణ్ణి వెతుక్కుంటాడు. ఆ మెట్ల వరసలో అన్నింటికన్నా కింద నిలబడి ఉన్నది రాత్రి పదిన్నరకు చాయ్ తాగి వచ్చే నా స్టూడెంటు. కాబట్టి స్టేషన్ లోపల మాట మారకుండా బయట మారుతుందనుకోవడం భ్రమ. ట్రైనింగులో సాఫ్ట్ స్కిల్స్ క్లాసు ఒకటి పెట్టేస్తే అయిపోతుందనేవాళ్లు ఒకసారి రోల్‌కాల్‌కు వెళ్లి నిలబడాలి.

మాట అంటే ‘మీరు’, ‘గారు’ అని బొట్టు పెట్టి పిలవమని కాదు. మన దగ్గర ‘నువ్వు’ తప్పు కాదు. “తమ్మీ, బండి పక్కకు వెట్టు, మొన్న ఇక్కడ దొంగతనమైంది, అందుకే చూస్తున్నం” అంటే చాలు. ఎనిమిది సెకన్లు పడుతుంది. నేను లెక్కపెట్టి చూశాను, లెక్కల మాస్టరును కదా.

ఫోన్ల సంగతి ఇంకా ముదిరింది. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు దారిన పోయే కుర్రాళ్లను ఆపి, వాట్సాప్ తెరిపించి, గంజాయి అనే మాట కోసం వెతికిన వీడియోలు అందరూ చూశారు. మన దగ్గరా పిల్లలు అలాంటివి చెప్తారు. గంజాయి లేదని నేననను. ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే సరుకు భద్రాచలం దాటి మన రోడ్ల మీదుగా, మన రైళ్లలోనే పోతుంది. హాస్టల్ రూముల్లో దాని వాసన నేనూ చూశాను. చదువులో ముందుండే ఒక అబ్బాయి దానికి అలవాటుపడి ఇంటికి వెళ్లిపోయాడు. అయినా, అనుమానానికి కారణమంటూ ఏదీ లేకుండా వయసు చూసి ఒకడి ఫోన్ తెరిచి అక్కాచెల్లెళ్ల ఫోటోలు, గర్ల్‌ఫ్రెండ్ మెసేజీలు చదివే హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు. గంజాయి కేసుల్లో ఒంటి మీద సోదా చేయాలన్నా, గెజిటెడ్ ఆఫీసరు ముందో మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు ఉందని మనిషికి ముందే చెప్పాలి. మత్తుమందుల చట్టంలో 50వ సెక్షన్ అదే. పాడైపోతున్న తన రూమ్మేటు గురించి ఎవరికైనా చెప్పాలనుకునే పిల్లవాడు కూడా, ఫోన్ లాక్కున్న చెయ్యి గుర్తొస్తే చెప్పడు. పోలీసులు పోగొట్టుకుంటున్నది ఈ పిల్లవాణ్ణే.

ఇంకో అలవాటు, “ఒకసారి స్టేషన్‌కు వచ్చిపో” అని ఫోన్ చేయడం. కాగితం ఉండదు, కారణం ఉండదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ ప్రకారం, అరెస్టు అవసరం లేని కేసుల్లో నోటీసు ఇచ్చి పిలవాలి. పాత చట్టంలో ఇదే 41ఏ. పద్దెనిమిది నిండని పిల్లలైతే లాకప్‌లో పెట్టనే కూడదు. ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై హోదాకు తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరుండాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెప్తుంది. మా పిల్లలు ఈ సెక్షన్లన్నీ పరీక్ష కోసం బట్టీపడతారు. బట్టీపట్టిన పిల్లవాడు బారికేడు దగ్గర అందులో ఒక్కటి అనబోతే “లా చదువుతున్నవా?” అని ఇంకో గంట నిలబెడతారు.

మన పిల్లలు ముత్యాలేం కాదు. ముగ్గురెక్కుతారు, సైలెన్సర్ మార్చి అర్ధరాత్రి ఎంజీఎం ఆసుపత్రి ముందు నుంచే డబడబలాడించుకుంటూ పోతారు. నంబర్ ప్లేట్ వంచుతారు, లేకపోతే దాని మీద మాస్కు తగిలిస్తారు. ఫోటో కొట్టి చలాను పంపుతున్నారు కాబట్టి ఫోటోకు దొరకకుండా ఉండటమే తెలివి అనుకుంటారు. ఆపిన కానిస్టేబుల్ ముఖం మీద ఫోన్ పెట్టి, ఆయన నోరు జారేదాకా గిచ్చి, ఆ ముక్క ఒక్కటి కోసి రీల్ పెడతారు. చలాన్ల మీద సర్కారు కూడా తమాషా చేసింది. 2022లో టూవీలర్లకు 75 శాతం తగ్గింపు, 2023 డిసెంబర్‌లో 80 శాతం. టైముకు కట్టినవాడు పిచ్చోడయ్యాడు. మా క్లాసులో ఒకడు తగ్గింపు శాతాల మీద లెక్క చెప్పమంటే ఇదే ఉదాహరణ ఇచ్చాడు, నాకు తిట్టబుద్ధి కాలేదు.

ఆడపిల్లల సంగతి వేరు. 2014లో హైదరాబాద్‌లో మొదలై రాష్ట్రమంతా వచ్చిన షీ టీమ్స్ వల్ల బస్టాండు దగ్గర వెంటపడేవాళ్లు తగ్గారని మా అమ్మాయిలే చెప్తారు. కాకపోతే ఫిర్యాదు ఇచ్చేముందు వాళ్ల మొదటి టెన్షన్ వెధవ గురించి కాదు, “ఇంట్లో చెప్తరా?” అని. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేస్తారు. అక్కడ నమ్మకమంతా మాట పొక్కకుండా ఉంచడంలోనే ఉంది.

మరి ఎక్కడైనా బాగా కుదిరిందా అంటే, కుదిరింది. 2023 జూలై 27న వరదలో భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగి ఊరు ఊరంతా డాబాల మీదికెక్కిన రోజు మన నగరంలోనూ కాలనీలు మునిగాయి. నయీంనగర్ నాలా పొంగి నీళ్లు రోడ్డెక్కాయి. మా హాస్టల్ పిల్లలు తాడు పట్టుకుని ఒక కొసన, పోలీసులు ఇంకో కొసన నిలబడ్డారు. నడుమున నీళ్లలో ముసలివాళ్లు, పిల్లలు, ఒకావిడ కుక్కర్‌తో సహా. ఆ పూట ఎవరూ ఎవరినీ ‘ఏరా’ అనలేదు. వినాయకచవితికీ అంతే. మండపానికో కానిస్టేబుల్‌ను కేటాయిస్తారు, కమిటీ వాళ్లు ఆయన నంబర్ బోర్డు మీద రాసుకుంటారు, రాత్రి పులిహోర ఆయనకూ తీసిపెడతారు. డీజే బాక్సుల మీద కొట్లాట వచ్చినా ఆయన పేరు పెట్టి పిలిచి కొట్లాడతారు. నిమజ్జనం అయిపోయాక ఆ నంబర్ తుడిచేస్తారు.

ఆ నంబర్‌ను ఏడాది పొడుగునా ఎందుకు ఉంచకూడదన్నదే నా ప్రశ్న. నయీంనగర్‌లో ప్రతి హాస్టల్ మెట్ల దగ్గర ఆ బీటు చూసే కానిస్టేబుల్ పేరు, ఫోన్ రాసి ఉండాలి. నెలకోసారి ఆయన ఉపన్యాసం లేకుండా, ఫోటోగ్రాఫర్ లేకుండా వచ్చి ఒక గంట కూర్చోవాలి. పిల్లలు అడగాలి, ఆయన జవాబు చెప్పాలి. “మొన్న రాత్రి మా ఫోన్ ఎందుకు చూసిండ్రు సార్” అని కూడా అడగాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. అక్కరయ్యేది ఆయనకు ఆ గంట ఇవ్వడం, ఆర్నెల్లకే బదిలీ చేయకపోవడం. అదే జరగదని నా పాత విద్యార్థులు నవ్వుతారు.

మొన్న రాత్రి ఊరి బయట ఒక చెక్కింగ్ దగ్గర నన్ను ఆపారు. టార్చి ముఖం మీద పడి, వెంటనే కిందికి దిగింది. “సార్, మీరా! నమస్తే సార్, పోండి పోండి.” మూడేళ్ల కింద నా దగ్గర చదివిన పిల్లవాడు. పక్కన ఇద్దరు కుర్రాళ్లు బండి స్టాండ్ వేసి నిలబడి ఉన్నారు. నేను యాభై గజాలు పోయి ఆగాను. తిరిగి వెనక్కి వచ్చి, వీళ్ల సంగతేంటి అని అడిగాను.

“కాగితాలు లేవు సార్.”

డిజీలాకర్‌లో చూపిస్తే చెల్లుతుంది కదా అన్నాను. ఫోన్ చార్జింగ్ అయిపోయిందట. “ఈ మాట ముందే చెప్పొచ్చు గద తమ్మీ” అన్నాడు మావాడు వాళ్లతో. “మీరు అడగలే గద సార్” అన్నాడు ఆ పిల్లవాడు, కొంచెం పొగరుగానే. మావాడి దవడ బిగిసింది. నన్ను చూశాడు. తన జేబులోంచి పవర్‌బ్యాంక్ తీసి ఇచ్చాడు. పావుగంట పట్టింది. ఆర్సీ ఉంది, లైసెన్సు ఉంది, హెల్మెట్ లేదు. దానికి చలాను వేశాడు. ఎంతైందో, ఎందుకైందో చెప్పాడు. వాళ్లు బండెక్కి వెళ్లిపోయారు.

“చూసిండ్రా సార్, థాంక్స్ కూడా చెప్పలే” అన్నాడు.

“చలాను వేసినోనికి థాంక్స్ ఎవరు చెప్తరు?” అన్నాను. నవ్వాడు. నేనూ బండి స్టార్ట్ చేశాను. నా బండి మీద ఉన్న రెండు పెండింగ్ చలాన్ల గురించి అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.